నేనెవురు చెప్పు

“నేనెవురు చెప్పు?” అంది.

“మా అక్కవి” అన్నాను.

“ఆ... చెప్పినావు” అని కళ్ళు మూసుకుంది.

మేమిద్దరం ఆఖరుగా మాట్లాడుకున్నది ఇంతే. ఫోన్ నువ్వే పట్టుకున్నావు కదా, చూశావు. బొమ్మ ఆగి ఆగి వచ్చింది. తెల్లటి దిండు మీద అక్క తల పిట్ట తలంత అయిపోయి ఉంది. అవతల ఫోన్ పట్టుకున్న అక్క కూతురు పాపం నొచ్చుకుంది. “ఏమీ అనుకోవద్దు చిన్నమ్మా, అమ్మకు ఇప్పుడు ఎవరూ గుర్తు లేదు” అని తనకు వచ్చిన తెలుగులో చెప్పింది. నేను సరే అన్నాను. ఆ వారంలోనే అక్క పోయింది. సముద్రం అవతల ఆ దేశంలోనే, బావ పక్కనే మట్టి చేశారు.

ఇప్పుడు ఆ పిల్ల అడుగుతోంది. అక్కడ గుడిలో అమ్మను తలుచుకునే కూడిక పెట్టుకున్నారట. అమ్మ ఇక్కడి నుంచి బయలుదేరిన నాటి సంగతులు ఎవరైనా చెబితే వాళ్ళ భాషలోకి మార్చి చదువుతారట. చెప్పడానికి నేను తప్ప ఎవరు మిగిలారు? నాకు సంతకం గీయడం వరకే వచ్చు. అందుకే నిన్ను కూర్చోబెట్టాను. నేను చెబుతాను, నువ్వు రాయి. మధ్యలో “అవ్వా, ఇది అవసరమా” అనొద్దు. మీ తాత పోయిన తర్వాత ఇంతసేపు ఒకచోట కూర్చుని మాట్లాడడం నాకూ ఇదే మొదలు. గొంతు గరగరమంటోంది. ఆ చెంబు ఇటు పెట్టు.

ముందు ఇది రాయి. అక్క మతి తప్పి అడగలేదు. ఆ ప్రశ్న ఆమె నన్ను నా చిన్నతనంలోనే అడిగింది. అప్పుడు నేను జవాబు చెప్పలేదు.

మా అమ్మ నన్ను కన్న వారానికే పోయింది. నాయన బెంగళూరికి మిల్లు పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మా అవ్వది, అంటే మా అమ్మను కన్న తల్లిది, హిందూపురం నుంచి లేపాక్షి పోయే దారిలో ఒక ఊరు. అక్కడే పెరిగాను. అవ్వ కూలికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది అక్క. నేను పుట్టేనాటికి ఆమెకు ఓణీ వేసి ఎన్నాళ్ళో కాలేదు. బాలింతలున్న ఇళ్ళ వాకిట్లో నిలబడి నాకు పాలు అడిగేదట. వేరే పిల్లలు కాలికి రాయి తగిలితే “అమ్మా” అని ఏడుస్తారు. నేను “అక్కా” అని ఏడ్చేదాన్ని.

అక్క పెళ్ళయి పెనుకొండకు కాపురానికి పోయేటప్పుడు సారెతో పాటు నేనూ పోయాను. పెట్టె, బొంత, తిరగలి, నేను. బావ ముఖం చిట్లించలేదు. ఆయనది ధర్మవరం. మగ్గాల వీధిలో పుట్టి పెరిగాడు కాబట్టి ఊరికే కూర్చున్నా కాలితో నేల తొక్కుతూ ఉండేవాడు. పెనుకొండలో చిన్నపిల్లలకు చదువు చెప్పే అయ్యవారు.

ఇల్లు కొండ కిందే. మధ్యాహ్నం బండలు కాగి ఒక వాసన వచ్చేది, పెనం మీద ఏమీ వేయకుండా ఊరికే కాల్చినట్టు. సీతాఫలాల కాలంలో కొండ మీది కాయలు గోనెసంచిలో మాగేసేవాళ్ళం. ఆ తీపి వాసన, కిరసనాయిలు వాసన, బావ తలకు రాసుకునే ఆముదం వాసన, మూడూ కలిసిందే నాకు ప్రార్థన వాసన. బావ ప్రార్థన చాలా పొడుగు. ఆయన దేశాలన్నీ చుట్టి ఆమెన్ అనేలోపు నేను కళ్ళు మూసుకునే సంచిలో చెయ్యి పెట్టి, మాగిన కాయ ఏదో వెతికి పక్కన పెట్టుకునేదాన్ని. అక్కకు తెలుసు. ఆమె కూడా కళ్ళు మూసుకునే నా చేతి మీద ఒకటి వేసేది.

ఒక ఎండాకాలం, పందిరి వేసి పెట్టిన కూడికల్లో ఎక్కడి నుంచో వచ్చిన ఒక పెద్దాయన అడిగాడట: “మనకు దేవుని వాక్యం చెప్పడానికి ఎవరో సముద్రం దాటి వచ్చారు. మనం ఎవరి కోసం దాటాం?” అని. మగవాళ్ళ వైపు నుంచి బావ లేచి నిలబడ్డాడు. అదే సమయానికి ఆడవాళ్ళ వైపు నుంచి అక్క కూడా లేచింది. ముందుగా ఇద్దరూ ఒక మాట అనుకున్నది లేదు. ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ బిత్తరపోయారట. సంగతి ఊరికి చేరితే అవ్వ నమ్మలేదు. “కాళ్ళు తిమ్మిరెక్కి లేచినారేమో, బాగా అడగండప్పా” అంది.

తిమ్మిరి కాదు. వాళ్ళు పోవాల్సింది ఆఫ్రికాలో ఒక దేశం. పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు.

మా సంఘాల్లో ఆడవాళ్ళకు ఒక వాడుక ఉంది. నీకూ తెలుసు, కానీ అక్కడి వాళ్ళ కోసం రాయి. వంటకని చేటలోకి పిండో బియ్యమో తీసుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి వేరే కుండలో వేయాలి. అది దేవుని పనికి. ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. మా వైపు రోజూ వండేదానికి బియ్యం ఎక్కడివి? రాగి పిండే. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఊరూరా ఆడవాళ్ళు అట్లా తీసిపెట్టిన పిండితోనే అక్కా బావా ఓడ ఎక్కాలి. అందుకే వాళ్ళ ప్రయాణం మీద ప్రతి ఆడమనిషికీ ఒక మాట ఉండేది. సంతకు వచ్చిన వాళ్ళు కూడా ఇంట్లోకి తొంగి చూసి పోయేవాళ్ళు. “ఏంది మే ఇంత సన్నగుండావు? ఆడికి పోయి పడిపోతే మా పిండంతా దండగ” అని అక్కను తిట్టేవాళ్ళు. బావ గడ్డం గీసుకోకపోయినా “మా పిడికెడు పిండితో పోయేవాడివి, శుభ్రంగా ఉండబ్బా” అనేవాళ్ళు. ఆయన నవ్వి గడ్డం గీసుకునేవాడు.

అక్కడి మనుషులు పిండిని గట్టిగా ఉడికించి ముద్ద చేసి ఆకుకూరతో తింటారని బావ తెలుసుకొచ్చాడు. ఆ దినం అవ్వ పెనుకొండకు వచ్చి ఉంది. చెనక్కాయల చట్నీ నూరుతోంది. విని రుబ్బడం ఆపింది.

“ముద్దనా? అంటే సంగటి గదప్పా!”

“అట్లాంటిదే అవ్వా.”

“సంగటి తినేదానికి ఓడెక్కి పోవల్లనా? మడకశిరకు పోతే చాలదా?”

బావ దగ్గర అన్నిటికీ తయారీ ఉండేది. భాష రాని మనుషుల మధ్య ఎట్లా మెలగాలో ముందే అలవాటు కావాలని ఒక ఆట కనిపెట్టాడు. ఆ ఆటలో ఆ దేశపు మనిషిని నేను. నాకు తెలుగు రాదు. అక్కా బావా ఏం చెప్పినా నాకు అర్థం కాకూడదు. వాళ్ళు చేతులతోనే చెప్పాలి. శనివారం మధ్యాహ్నం బడి లేనప్పుడు ఆడేవాళ్ళం. నేను వాకిట్లో పీట మీద కూర్చునేదాన్ని, తలకు అవ్వ తువ్వాలు చుట్టుకుని. అక్క వచ్చి వంగి నమస్కారం పెట్టేది. దాహం అని, జ్వరం అని, ఇల్లెక్కడ అని సైగలు చేసేది. నేను కళ్ళప్పగించి చూసేదాన్ని. నిజంగా అర్థమైనా తల అడ్డంగా ఊపేదాన్ని. ఆమె మళ్ళీ మొదటి నుంచి చేసేది. బావ పక్కన కాలితో నేల తొక్కుతూ, “తొందరపడొద్దు, వాళ్ళు కూడా ఇట్లాగే చూస్తారు” అనేవాడు.

“మీరు మా మనుషులు” అనేదానికి ఒక సైగ కుదుర్చుకున్నారు. అరచెయ్యి తన ఎద మీద పెట్టుకుని, తర్వాత ఎదుటి మనిషి వైపు చాపడం. అవ్వకు అది అసలు నచ్చలేదు.

“ఎదలో మంటగా ఉండాదనుకుంటారు వాళ్ళు. సోడా తెచ్చిస్తారు.”

“సరే అవ్వా, నువ్వు కూర్చో పీట మీద. నువ్వు ఆ దేశపుదానివి. మేం చెప్తాం, నీకు తెలుస్తాదేమో చూద్దాం” అన్నాడు బావ.

అవ్వ తువ్వాలు కట్టుకుని కూర్చుంది. బావ చేతులూపగానే “ఏన్ బేకప్పా?” అంది, ఏం కావాలప్పా అని.

“అవ్వా, కన్నడం మాకూ వచ్చు గదా!”

“మరి నేనేం మాట్లాడేది? వాళ్ళకు వచ్చింది నాకు రాదు. నాకు వచ్చింది నీకు వస్తాది. ఇట్లయితే ఆట ఎట్ల కుదురుతాది?” అని తువ్వాలు విప్పి నా మీద పడేసింది.

ఆ ఆట వల్ల నాకు మంచి లాభమే దొరికింది. బోరింగు దగ్గర నుంచి నీళ్ళు తెమ్మంటే “నాకు తెలుగు రాదు” అనేదాన్ని. పలక తీయమంటే రాదు. అన్నానికి పిలిస్తే మాత్రం వచ్చేది. అక్క నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ నవ్వు కోసమే నేను అనేదాన్ని.

నేనూ పోతాననే అనుకున్నాను. ఎవరూ పోతావని చెప్పలేదు, పోవని కూడా చెప్పలేదు. పెట్టె, బొంత, తిరగలి ఎక్కడికి పోతే నేనక్కడికి. నా లెక్క అదే. పంపించే కమిటీ నుంచి కబురు వచ్చాక అక్క నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సొంత పిల్లలుంటే తీసుకుపోవచ్చట. తోబుట్టువులకు వీల్లేదట. “బావ మళ్ళీ అడుగుతాండాడు. పెద్దోళ్ళు ఇద్దరు ఇంటికొచ్చి మాట్లాడతారంట. అప్పుడు కూడా వద్దంటే నువ్వు అవ్వ దగ్గరుండల్ల పాపా” అంది. అక్క ఎప్పుడూ పిల్లల్ని మభ్యపెట్టే మాట చెప్పేది కాదు. అది మంచిదంటారు. నాకైతే ఆ దినం మభ్యపెట్టి ఉంటే బాగుండేది.

తర్వాత అక్క హిందూపురంలో ఒక ఆసుపత్రిలో కట్లు కట్టడం, సూది వేయడం నేర్చుకోడానికి పోయింది. బావకు బడి. నన్ను అవ్వ దగ్గర వదిలారు. చెనక్కాయల కాలం అది. పెరికిన చెట్లు కుప్ప వేసుకుని చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని కాయలు తెంపుతున్నారు. పచ్చి కాయల వాసన, మట్టి వాసన. నోటి నిండా పచ్చి గింజలు నములుతూ నేను కుప్ప వెనక ఉన్నాను. మా ఊరి గుడి చూసుకునే ఉపదేశి భార్యే మాట తీసింది.

“వాళ్ళ పిల్లలైతే పోవచ్చంట. ఇది వాళ్ళ పిల్ల కాకుంటే ఇంగెవురి పిల్ల మే?”

“కన్లేదు గదా” అంది ఒకామె.

“కనేది ఒగనాటి పని. పెంచేది?”

“అయినా ఆ అయ్యగార్లు వచ్చి కాన్పు చూసినారా? కూతురంటే కూతురే. ఆయమ్మకు చెల్లెలంటే ఎవురు నమ్ముతారు, అంత తేడా ఉండాది.”

“మా పిండి కుండలెత్తి పంపిస్తాండాం, ఒగ పిల్ల ఎక్కువైతే మునుగుతాదా ఓడ?”

అవ్వకు మనసు ఒప్పలేదు. “దేవుని పనికి పోతా అబద్ధం చెప్తామా మే?” అంది.

ఉపదేశి భార్య ఒళ్ళోని కాయలు దులుపుకుంది. “పెద్దమ్మా, బైబిల్లో విశ్వాసులకు తండ్రి అనిపించుకున్నాయన పరాయి దేశం పోయినప్పుడు పెండ్లాన్ని చెల్లెలని చెప్పలేదా? మనం చెల్లెల్ని కూతురంటాండాం, అంతే. ఆయన చెప్పినదాని ముందర మనది యాడ ఆనుతాది?”

వాక్యంలోనే ఉందంటే ఇంకేం? అందరికీ ధైర్యం వచ్చింది. అవ్వ కూడా తల ఊపింది.

ఆ దినం నుంచి నాకు బడి మొదలైంది. దారిలో ఎవరు కనబడినా ఆపి అడిగేవాళ్ళు. “పెనుకొండలో ఉండే ఆయమ్మ ఎవురు నీకి?” నేను “మా అమ్మ” అనాలి. తడుముకోకుండా అంటే బెల్లం ముక్క. తడుముకుంటే నెత్తిన మొట్టికాయ. బావి దగ్గర అడిగారు, చేలో అడిగారు, గుడిలో పాట పాడుతూ మధ్యలో వంగి చెవిలో అడిగారు. పిండి కుండకు మూత పెట్టినంత గట్టిగా ఆ మాట నా నోట్లో పెట్టారు. అక్కకు మాత్రం చెప్పకూడదు. ఆమెకు చెబితే ఒప్పుకోదని అందరికీ తెలుసు.

బెల్లం సంగతి పక్కన పెట్టు. ఆ మాట నాకు నోట్లో కొత్తగా ఉండేది. ఊళ్ళో ప్రతి పిల్లా పొద్దున లేచింది మొదలు వందసార్లు అనే మాట. నేను ఎవరినీ ఎప్పుడూ అని ఎరగను. చేలో ఎవరూ లేనప్పుడు కాలికి రాయి తగలకపోయినా అనుకుని చూసేదాన్ని.

కమిటీ పెద్దలు పెనుకొండకు వచ్చిన దినం ఇల్లంతా నెయ్యి వాసన. అవ్వ, ఉపదేశి భార్య పొద్దున్నే బస్సు దిగి బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేశారు. కోడిని కోశారు. నాకు తల నున్నగా దువ్వి, చెవిలో ఆఖరుసారి అడిగి చూసుకున్నారు. కళ్ళద్దాల అయ్యగారు ఒకరు, తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ. ఇద్దరూ మంచివాళ్ళే. పెద్దావిడ నన్ను దగ్గరికి పిలిచి గడ్డం పట్టుకుంది.

“ఈ పాప ఎవరు?”

బావ నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. “ఆయమ్మ బిడ్డే తల్లీ.”

కళ్ళద్దాల అయ్యగారు బావ వైపు చూశారు. “పిల్లలు లేరని అన్నారే?”

బావ కాలు నేల తొక్కడం ఆగిపోయింది. ఆయనకు ఈ సంగతి ఏమీ తెలియదు. అవ్వను చూశాడు, నన్ను చూశాడు.

పెద్దావిడ నన్నే అడిగింది. “నువ్వు చెప్పు నాన్నా. ఆమె ఎవరు నీకు?”

అక్క అప్పుడే గడప దాటి లోపలికి వస్తోంది, పళ్ళెంలో నీళ్ళ గ్లాసులు పెట్టుకుని.

“మా అమ్మ” అన్నాను. గట్టిగా అన్నాను. ఆ దినం బెల్లం కోసం కాదు.

గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అక్క ముఖం వెలిగింది. ఒక్క రెప్పపాటే. ఎవరడిగినా నేను ఒట్టు పెట్టి చెబుతాను, వెలిగింది. ఆ తర్వాత పళ్ళెం మెల్లగా బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకుంది.

“కాదమ్మగారూ. నా చెల్లెలు. పెంచింది నేను, కన్నది మా అమ్మ. మా అమ్మ లేదు.”

పెద్దావిడ నా గడ్డం వదల్లేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అయ్యగారు చెప్పారు: “నిజం చెప్పావమ్మా. కానీ నియమం మా చేతిలో లేదు. ఇద్దరికే వీలవుతుంది.” వాళ్ళు భోజనం చేశారు. ఓళిగ రెండోది ఎవరూ వేయించుకోలేదు.

వాళ్ళు అలా పోగానే అవ్వ అక్క మీద పడింది.

“నోరు మూసుకోనుంటే ఏం పోతాండె మే నీకి? పిల్ల నీ ఎంటే వస్తాండె గదా! దాని బతుకు నీ చేత్తోనే పాడు చేస్తివి గదా!”

“ఇంత చేసి ఆఖర్న కూల్చినావు తల్లీ. అంతటాయనే చెప్పినాడు గదమ్మా” అంది ఉపదేశి భార్య ఏడుస్తూ.

“చెప్పి ఏమైంది వదినా? ఆ దేశపు రాజుకు నిజం తెలిసి, నీ పెండ్లాన్ని తీసుకోని పో అని ఊరు దాటిచ్చినాడు. ఆ ముక్క కూడా చదవల్ల గదా.” అక్క గొంతు పెంచలేదు. అవ్వ వైపు తిరిగింది. “అవ్వా. మా అమ్మ నీ కడుపున పుట్టింది. ఈ పిల్లను కని పోయింది. ఆమె కన్లేదని నువ్వే చెప్తావా?”

అవ్వ పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని కొంగు ముఖం మీదికి లాక్కుంది. కోడిని కోసేటప్పుడు, ఓళిగ తట్టేటప్పుడు, నాకు నేర్పించిన ఇన్ని దినాల్లో, ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

అక్క నన్ను ముందర కూర్చోబెట్టుకుని జడ విప్పింది. మళ్ళీ వేయడానికి. చేతికి ఏదో పని ఉంటే తప్ప ఆమెకు మాట వచ్చేది కాదు.

“అమ్మ నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాండె. పై పన్ను ఒగటి వంకర. నువ్వు కడుపులో ఉన్నప్పుడు చింతచిగురు ఉప్పేసుకోని పచ్చిదే తినేది. నిన్ను పక్కన పండుకోబెడితే చూసి, ‘దీని చెవులు నావే’ అనింది. నీ గురించి ఆమె చెప్పింది అదొక్క మాటే. నువ్వు నన్ను అమ్మా అంటే నాకు తీపిగానే ఉంటాది పాపా. కానీ ఇంగ ఆమె యాడుంటాది? నీ నోట్లో కూడా లేకపోతే?”

జడ వేయడం అయిపోయింది. నన్ను తన వైపు తిప్పుకుంది.

“నేనెవురు చెప్పు?”

నేను ఆమె ముఖంలోకి చూశాను. “నాకు తెలుగు రాదు” అన్నాను.

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

ఆ తర్వాత వాళ్ళు బయలుదేరే దాకా నేను అక్కతో మాట్లాడలేదు. ఆమె పిలిస్తే ఆ దేశపు మనిషి చూసినట్టు చూసేదాన్ని. అన్నం పెడితే తినేదాన్ని, పక్కలో పడుకునేదాన్ని, జడ వేయించుకునేదాన్ని. మాట మాత్రం లేదు. బావ బతిమాలాడు. అవ్వ వాతలు పెడతానంది. అక్క మాత్రం రోజుకొకసారి, ఏ పెట్టె సర్దుతూనో, ఏ గిన్నెకు సున్నంతో గుర్తు పెడుతూనో, అడిగేది. “నేనెవురు చెప్పు?” నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆమె సరే అని పని చూసుకునేది.

ధర్మవరం నుంచి రైలు. ముందుగా బావ వాళ్ళ అమ్మ ఇంట్లో దిగాం. వీధంతా మగ్గాల చప్పుడు, తడి రంగుల వాసన. గుమ్మాలకు ఎర్రవి, పచ్చవి పట్టు పోగులు ఆరేసి ఉన్నాయి. ఎదురింట్లో మగ్గం నేసే వాళ్ళు బావను చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిరిగిన వాళ్ళు. వాళ్ళ దేవుడు వేరు, గుడి వేరు. ఆ ఇంటి పెద్దమ్మ ఒక పట్టుచీర మడత తెచ్చి అక్క చేతిలో పెట్టింది. సన్న అంచు, చింతపిక్కల రంగు.

“ఇంత చీర కట్టుకుంటే ఎట్ల పెద్దమ్మా, మేం పోయేది ఆ పనికి కాదే” అంది అక్క.

“మీ దేవుడు వద్దంటాడా?”

“దేవుడేమీ అనడు. కమిటీ అంటాదేమో.”

“వాళ్ళెవురు నాకి? మావోడు నేసినాడు, కట్టుకో. ఆదివారం పూట కట్టుకోని నిలబడితే, ఇది యాడ నేసింది అని అడుగుతారు ఆ జనం. ధర్మవరం అని చెప్పు.”

గుడిలో పెద్దలంతా వాళ్ళ తలల మీద చేతులు పెట్టి ప్రార్థించారు. ఊరూరి నుంచి ఆడవాళ్ళు వచ్చారు, కాయలు తెంపిన వాళ్ళంతా ఉన్నారు. ఒకామె ఓడలో తినమని బొరుగులు ఇచ్చింది. ఒకామె ఊరగాయ జాడీ ఇచ్చింది. ఉపదేశి భార్య తన కుండలోని రాగి పిండిని గుడ్డలో మూట కట్టి ఇచ్చింది. “మొదటి దినం దీంతో సంగటి చెయ్యి. ఆ తర్వాత వాళ్ళది తిందువులే” అంది.

స్టేషన్‌లో ఎండ. రైలు చక్రాల దగ్గర నుంచి కాలిన నూనె వాసన వస్తోంది. నేను అవ్వ చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డాను. అక్క ఎక్కబోతూ మళ్ళీ దిగి నా ముందు కూర్చుంది. అందరూ చూస్తున్నారు.

“పాపా, ఒగసారి. నేనెవురు చెప్పు?”

అక్క అనాలో అమ్మ అనాలో, రెండూ ఒకేసారి వచ్చి అడ్డం పడ్డాయి. ఏది అంటే ఆమె ఆగిపోతుందో నాకు తెలియలేదు. తల అడ్డంగా ఊపాను. ఆమె నా చెవులు రెండూ పట్టుకుని చూసి, లేచి ఎక్కేసింది.

రైలు కదిలింది. అమ్మ కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టింది. ఏమీ అరవలేదు, చుట్టూ వాళ్ళంతా అరుస్తున్నారు కానీ. తెలుగు రాని పిల్లకు చెప్పినట్టు, నిదానంగా, బావ నేర్పిన పద్ధతిలోనే, అరచెయ్యి ఎద మీద పెట్టుకుని నా వైపు చాపింది. నాకు అర్థం కాలేదేమోనని మళ్ళీ మొదటి నుంచి చేసింది.

అర్థమైంది. అవ్వ చీర వదిలేసి నేనూ చెయ్యి ఎద మీద పెట్టుకున్నాను. రైలు వైపు చాపాను. పెట్టె తర్వాత పెట్టె పోతూనే ఉంది, నేను చాపుతూనే ఉన్నాను.

“సోడా అడుగుతాంది మే” అంది అవ్వ. “మీయక్క సోడా అడుగుతాంది.” అని ప్లాట్‌ఫారం మీద కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది.

ఇదీ ఆమె బయలుదేరిన సంగతి. తర్వాతది వాళ్ళకే బాగా తెలుసు. ఆమె అక్కడ ఏం చేసిందో, ఎందరికి పురుళ్ళు పోసిందో, నేను చెప్పాల్సిన పని లేదు. అవ్వ ఉన్నన్నాళ్ళూ నన్ను చూసుకుంది. మీ తాతకు ఇచ్చి చేసింది. అక్క ఇటు వచ్చింది ఒక్కసారే, మీ అమ్మ పాకే వయసులో ఉన్నప్పుడు. అక్కడ పుట్టిన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మన వాకిట్లో నిలబడి ఆ పిల్లలు, నిజంగానే తెలుగు రాక, నా వైపు కళ్ళప్పగించి చూశారు. నేను చెయ్యి ఎద మీద పెట్టుకుని చాపాను. వెంటనే ఇద్దరూ చాపారు. అక్క అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. సంగటి చేసుకుని తిన్నాం, ఆ దినాల మాటలన్నీ మాట్లాడుకున్నాం. ఆ ప్రశ్న మాత్రం ఆమె అడగలేదు. నేనూ తీయలేదు. తర్వాత ఫోన్లు వచ్చాయి. కోళ్ళ గురించి, మోకాళ్ళ గురించి, వానల గురించి ఎంత మాట్లాడామో. అదొక్కటే రాలేదు.

నేను గ్యాస్ పొయ్యి మీద వండుతూ కూడా ప్యాకెట్ పిండిలోంచి పిడికెడు వెనక్కి తీస్తానని నువ్వు నవ్వుతావు. నవ్వు. నువ్వు కూడా తీస్తావు ఒకనాటికి.

కన్నబిడ్డలు కూడా గుర్తు లేని మనిషి, ఆ చిన్న బొమ్మలోంచి నన్ను చూసి, అదే అడిగింది. రైలు ఎక్కేముందు అడిగిన గొంతుతోనే అడిగింది. ఈసారి రెండు మాటలు అడ్డం పడలేదు. చెప్పేశాను. విని కళ్ళు మూసుకుంది.

చాలు, ఇంక ఆపు. మొదటి నుంచి నిదానంగా చదువు, నాకు వినబడాలి. ముందు ఒకటి చూడు. ధర్మవరం స్టేషన్ దగ్గర, రైలు కదిలే చోట, నోరు జారి అమ్మ అన్నాను. రాశావు కదా? దాన్ని అక్క అని దిద్దు. ఆమెకు తీపిగానే ఉంటుంది, నాకు తెలుసు. అయినా దిద్దు. పది మందిలో చదివేది. మా అమ్మ వేరే ఉండేది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ మాట చెప్పడానికి నిన్నటి దాకా ఇద్దరం ఉన్నాం, ఇప్పుడు నేనొక్కదాన్నే.

దిద్దావా? అయితే చదువు. వింటాను.